తొమ్మిది ప్రశ్నలు, ఒక మందుచీటీ: గోదావరి పల్లెలలో మానసిక వైద్య ప్రయోగముపై విమర్శ

జ్వరము వచ్చినదా లేదా అని తెలిసికొనుటకు ఉష్ణమాపకమున్నది. రక్తము తక్కువైనదేమో చూచుటకు ఒక్క బొట్టు రక్తము చాలును. కాని మనస్సు క్రుంగినదని నిర్ణయించుటకు నేటివరకు ఏ సీసాలోను, ఏ గాజుపలక మీదను పరీక్ష లేదు. రోగి చెప్పిన మాట, ఇంటివారు చెప్పిన మాట, చూచువాని కన్ను, ఈ మూడే సాధనములు. అందుచేతనే మానసిక వ్యాధి నిర్ణయము వైద్యశాస్త్రములోని మిక్కిలి కష్టమైన పనులలో ఒకటి. ఆ పనిలో కొంత భాగమును పట్టణపు ఆసుపత్రినుండి తప్పించి, పల్లెలోని ఆరోగ్య కార్యకర్త చేతికి ఇయ్యవచ్చునా? ఈ ప్రశ్నకు పశ్చిమ గోదావరి జిల్లానుండి ఒక జవాబు వచ్చినది. అది విలువైన జవాబు. అయితే విలువైన వస్తువునే గదా తక్కెడలో పెట్టి తూచి చూచుట!

ప్రయోగము ఎట్టిది?

ఏలూరు ముఖ్యపట్టణముగా నున్న నాటి పశ్చిమ గోదావరి జిల్లా 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో విడిపోయినది. ఏలూరు నేడు తన పేరిటి జిల్లాకే ముఖ్యపట్టణము. తాడేపల్లిగూడెము, భీమవరము ముఖ్యపట్టణముగాగల పశ్చిమ గోదావరిలో మిగిలినది. ఈ విభజనకు ముందే, పాత జిల్లాలోని పల్లెలలో జార్జి ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అను పరిశోధన సంస్థవారు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అను ప్రయోగమును ఆరంభించిరి.

దాని పద్ధతి సులభమైనది. గ్రామమందలి ఆశా కార్యకర్త చేతిలో పట్టు చిన్న కంప్యూటరుతో ఇంటింటికి పోయి, పెద్దలను కొన్ని ప్రశ్నలడుగును. వానిలో క్రుంగుబాటును గూర్చినవి తొమ్మిది. ఆందోళనను గూర్చినవి ఏడు. గడచిన రెండు వారములలో మనస్సు దిగులుగా నున్నదా, పనులయందు ఆసక్తి పోయినదా, నిద్ర, ఆకలి సరిగా నున్నవా, చచ్చిపోయిన బాగుండునను తలంపు వచ్చినదా అనునట్టివి ఆ ప్రశ్నలు. ఒక్కొక్క జవాబునకు 0 నుండి 3 వరకు మార్కులు. తొమ్మిది ప్రశ్నలకు కలిపి గరిష్ఠము 27. ఏ పట్టికలోనైనను 10 గాని అంతకు మించి గాని వచ్చినవారిని, ప్రాణహాని తలంపులు గలవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునివద్దకు పంపుదురు. వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2010లో వెలువరించి 2016లో సవరించిన కరదీపికను అనుసరించి వ్యాధిని నిర్ణయించి, సలహాయో మందో ఇచ్చును. ఆ పిమ్మట రోగి బాగోగులను ఆశా కార్యకర్త తిరిగి కనిపెట్టును. దీనితోపాటు మానసిక వ్యాధి సిగ్గుపడవలసిన విషయము కాదని ఊరివారికి బోధించుట ప్రయోగములోని మరియొక భాగము.

మానసిక వైద్య నిపుణులు పట్టణములలోనే యుండు దేశమున ఇట్టి ఆలోచన కలుగుటయే మెచ్చదగినది. విశాఖపట్టణములో 1871 నాటికే మానసిక రోగులకు ఆశ్రయము వెలసినది. జాతీయ మానసికారోగ్య కార్యక్రమము 1982లో వచ్చినది. అయినను పల్లెటూరి రోగికి వైద్యము చేరువ కాలేదు. ఎంత దూరములో నున్నదో ఈ ప్రయోగమే అంకెలతో చూపినది.

అంకెలు చెప్పినది, చెప్పనిది

మొదట 30 గిరిజన గ్రామములలో 5,007 మందిని ప్రశ్నించిరి. 2017లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము వారిలో 238 మందికి హెచ్చు మార్కులు వచ్చినవి. ఈ 238 మందిలో అంతకు ముందు మనస్సు బాగులేదని వైద్యమునకు పోయినవారు ఇద్దరే! ప్రయోగకాలములో 30 మంది వైద్యుని చూచిరి. అనగా నూటికి ఒక్కరైనను లేనిచోట నూటికి 12.6 మంది అయిరి. ఇది గొప్ప మార్పుగా చెప్పబడినది, నిజమే. కాని తీసివేత కూడ లెక్కయే గదా! 238లో 30 పోగా 208 మంది మిగిలిరి. వారి తలుపు తట్టి, వారి దుఃఖమునకు మార్కులు వేసి, వైద్యునివద్దకు పొమ్మని చెప్పిరి, వారు పోలేదు. ఏ ప్రయోగమునకైనను ఇది జయమని మాత్రమే పేరు పెట్టుట న్యాయము కాదు.

తరువాత 12 ఇతర గ్రామములలో 22,046 మందిని పరీక్షింపగా 900 మందికి హెచ్చు మార్కులు వచ్చినవి. వారిలో 731 మంది, అనగా నూటికి 81 మంది, వైద్యమును పొందిరి. ప్రశ్నలు అవే, జిల్లా అదే. ఒకచోట నూటికి 12, మరియొకచోట నూటికి 81! కాబట్టి ఫలితమును నిర్ణయించినది చేతిలోని కంప్యూటరు కాదు. వైద్యుడు ఎంత దూరములో నున్నాడు, ఆ దారి ఎట్టిది, కూలి మానుకొని పోవుటకు వీలున్నదా, అచ్చట తన భాషలో తన బాధను చెప్పుకొనగలడా అను విషయములే రోగిని నడిపించునవి. ప్రయోగమును ప్రశంసించువారు సాధారణముగా యంత్రమును ముందు పెట్టి మాటలాడుదురు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ముందు పెట్టవలసినది దారి అని తెలియును.

జల్లెడ వేరు, నిర్ణయము వేరు

ఇక తొమ్మిది ప్రశ్నల సంగతి. ఈ పట్టికను అమెరికాలో వైద్యశాలలకు వచ్చినవారిపై పరీక్షించి, ఫలితములను 2001లో ప్రకటించిరి. 10 మార్కులను హద్దుగా పెట్టినచో నిజముగా వ్యాధిగలవారిలో నూటికి 88 మందిని అది పట్టును. వ్యాధి లేనివారిలో నూటికి 88 మందిని సరిగా విడిచిపెట్టును. వినుటకు ఇది చక్కని సాధనమే. ఉన్నత పాఠశాల విద్యార్థులు దీనిని లెక్కకట్టి చూడవచ్చును.

ఒక ఊరిలో 1,000 మంది పెద్దలున్నారనియు, వారిలో 50 మందికి నిజముగా క్రుంగుబాటు వ్యాధి యున్నదనియు అనుకొందురు గాక. పట్టిక ఆ 50లో 44 మందిని పట్టును. మిగిలిన 950 మందిలో నూటికి 12 చొప్పున 114 మందిని పొరపాటున పట్టును. మొత్తము పట్టుబడినవారు 158. వారిలో నిజమైన రోగులు 44, అనగా నూటికి 28 మంది మాత్రమే. అరుదైన దానిని మంచి జల్లెడతో జల్లించినను రాళ్లే ఎక్కువగా మిగులును. ఇది జల్లెడ దోషము కాదు, సంఖ్యాశాస్త్ర ధర్మము. కాబట్టి మార్కులను చూచి మందు ఇచ్చుట, పరీక్షలో మార్కులు తక్కువైన ప్రతి బాలునికి కంటి జబ్బున్నదని అద్దములు తగిలించుట వంటిది.

ఈ లెక్కలోనే మరియొక చిక్కున్నది. ఆ 88 అంకె గోదావరి పల్లెలకు కూడ వర్తించినచో, 5,007 మందిలో ఒక్క రోగి కూడ లేకున్నను దాదాపు 600 మంది పొరపాటున పట్టుబడవలెను. పట్టుబడినవారు 238 మందే! కాబట్టి అమెరికా వైద్యశాలల అంకె ఇచ్చటికి సరిపోలేదు. కారణములు రెండు కావచ్చును. ఆసుపత్రికి వచ్చినవారు ఏదో ఒక బాధతో వచ్చినవారే. ఇంటివద్ద నున్నవారు అట్లు కారు గనుక తప్పు పిలుపులు తక్కువై యుండవచ్చును. లేదా, తన ఊరి ఆశా కార్యకర్తకే తన మనస్సులోని మాట చెప్పుటకు జంకి, ఉన్న బాధను లేదని చెప్పియుండవచ్చును. మొదటిది నిజమైనచో సంతోషింపవలెను. రెండవది నిజమైనచో విచారింపవలెను. ఆ సంఖ్య ఒక్కటే చూచినవారికి ఈ రెండింటి భేదము తెలియదు.

ఆ తొమ్మిది ప్రశ్నలు అడుగని సంగతులు కూడ కొన్ని కలవు. ఒకప్పుడు మితిమీరిన ఉత్సాహము కలిగి, నిద్రలేకయే రోజులు గడపి, అప్పులు చేసి, పెద్దపెద్ద మాటలాడినాడా అని అవి అడుగవు. అట్టివాడు ద్విధ్రువ వ్యాధిగ్రస్తుడు కావచ్చును. అతనికి క్రుంగుబాటు మందును మాత్రమే ఇచ్చినచో ఉన్మాదము పైకి లేచు ప్రమాదమున్నది. రక్తహీనత, గళగ్రంథి మాంద్యము, మద్యపానము, ఇటీవలి మరణదుఃఖము సైతము ఈ ప్రశ్నలకు హెచ్చు మార్కులు తెచ్చిపెట్టగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కరదీపిక వీనినన్నిటిని విచారించిన పిమ్మటనే మందును తలపెట్టుమని స్పష్టముగా చెప్పుచున్నది. తొందరలో నున్న వైద్యుడు మార్కులను చూచి ఆ పుటలను దాటవేయుటయే భయపడవలసిన విషయము.

ముందు దేహమును చూడవలెనను పాఠము ఏలూరునకు క్రొత్త కాదు. 2020 డిసెంబరు 5 మొదలుకొని ఆ పట్టణమున వందలకొలది జనులు ఉన్నట్టుండి మూర్ఛలతో, వాంతులతో, ఆందోళనతో, తెలివి తప్పి పడిపోయిరి. ఇట్టి దృశ్యమును చూచి భయమువలన కలిగిన సామూహిక వికారమని త్రోసివేయుట ఎంత సులభము! కాని ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారి పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవి. చివరకు క్రిమిసంహారక మందుల అవశేషములే ప్రధాన కారణమై యుండవచ్చునని నిపుణులు అభిప్రాయపడిరి. దేహమును పరీక్షింపక మనస్సును నిందించు నిర్ణయము నిర్ణయమే కాదు.

2024 నాటి తీర్పు

మొదటి ప్రయోగములలో ఒక పెద్ద లోపమున్నది. ప్రయోగమునకు ముందు, పిమ్మట మార్కులను పోల్చిరే గాని, ప్రయోగము జరుగని గ్రామములతో పోల్చలేదు. మనస్సు మిక్కిలి క్రుంగిన దినమున ఎన్నుకొనబడినవాడు, ఏమియు చేయకున్నను, కొన్ని నెలలకు కొంత తేరుకొనును. వరద ముంచెత్తిన దినమున కొల్లేటి మట్టమును కొలిచి, మాఘములో మరల కొలిచి, తన మంత్రముచేతనే నీరు తీసినదనువాని మాట వంటిది ఆ వాదము.

పరిశోధకులు ఈ లోపమును తామే గ్రహించి, దిద్దుకొనిరి. అది వారికి గౌరవమును తెచ్చు విషయము. పశ్చిమ గోదావరిలోను, హర్యానాలోని ఫరీదాబాదు, పల్వల్ జిల్లాలలోను 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసి, ఒక భాగమున మాత్రమే పూర్తి ప్రయోగమును నడపిరి. ఫలితములు 2024లో వెలువడినవి. పన్నెండు నెలల పిమ్మట, హెచ్చు మార్కులు వచ్చినవారిలో ప్రయోగము జరిగినచోట నూటికి 74.7 మంది కోలుకొనిరి. జరుగనిచోట నూటికి 50.6 మంది. భేదము 24. అనగా ఇట్టివారు నలుగురున్నచో ఒకరు ఈ ప్రయోగమువలన అదనముగా కోలుకొన్నట్లు. ఇది నిజమైన లాభము.

అయితే అదే వ్యాసములో మరి రెండు అంకెలున్నవి. 27 మార్కుల పట్టికలో రెండు భాగముల సగటు భేదము 0.77 మాత్రమే. ‘కోలుకొనుట’ అనగా రెండు పట్టికలలోను 5 కంటె తక్కువ మార్కులు వచ్చి, ప్రాణహాని తలంపు లేకుండుట. ఒక గీతకు ఇటునటు నిలిచినవారు స్వల్పముగా కదలినను గీత దాటినవారి సంఖ్య పెద్దదగును. నూటికి 35 మార్కుల హద్దు వద్ద ఈ సంగతిని ఎరుగని ఉపాధ్యాయుడు లేడు. రెండవది, మానసిక రోగులయెడ జనుల వైఖరిని కొలిచిన మార్కులలో రెండు భాగములకు భేదము కనబడలేదు. సిగ్గును పోగొట్టుటకు ఒక సంవత్సరము చాలలేదన్నమాట.

వీనికంటె గట్టి పాఠము 50.6 అను అంకెయందున్నది. పూర్తి ప్రయోగము లేనిచోట కూడ సగముమంది తేరుకొనిరి. కాబట్టి హెచ్చు మార్కులు వచ్చిన ప్రతివానికి వెంటనే మందు ఇయ్యనక్కరలేదు. కొందరికి మాట, కొందరికి విశ్రాంతి, కొందరికి అప్పుల బాధకు దారి కావలెను. మందు తప్పనిసరియైనవారు మాత్రము కొందరు నిశ్చయముగా నున్నారు. వారెవరో విడదీయుటయే వ్యాధి నిర్ణయము యొక్క ప్రయోజనము.

మందు ఇచ్చిన పిమ్మట ఎవరు?

మానసిక వైద్యమున చీటీ వ్రాయుట ఆరంభము మాత్రమే. ఫ్లూయాక్సిటిన్ అను మందును ఉదాహరణగా తీసికొనవచ్చును. కరదీపిక ప్రకారము దినమునకు 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారమునకు 20కి పెంచుదురు. మనస్సు తేలికపడుటకు సుమారు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. వికారము, నిద్రలేమి వంటివి మాత్రము మొదటి వారములోనే రావచ్చును. అనగా కష్టము ముందు, సుఖము వెనుక! ఈ సంగతిని చెప్పువారు లేనిచో రోగి పది దినములలో మాత్రలను చూరులో దోపును. తేరుకొన్న పిమ్మట కూడ 9 నుండి 12 నెలలు వాడవలెను. బాగైనది గదా యని ఒక్కసారిగా మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును.

అమిట్రిప్టిలిన్ చౌకయైన పాత మందు. కాని ఎక్కువ మాత్రలు ఒకేసారి మ్రింగినచో గుండెకు ప్రమాదము. ప్రాణహాని తలంపులుగల రోగి యింట నెలకు సరిపడు మాత్రల కట్టను పెట్టుట మందు ఇచ్చుట కాదు, విషము ఇచ్చుటయే. అట్టివారికి వారమునకు సరిపడు మాత్రలే ఇచ్చి, ఇంటివారి చేతిలో నుంచవలెను. పురుగుమందు డబ్బాలు ఇంటింట నుండు వరి పొలముల దేశమున ఈ జాగ్రత్త ఆ డబ్బాలకు కూడ వర్తించును.

హాలోపెరిడాల్ వంటి మందు మొదలుపెట్టిన కొలది దినములలో కొందరికి మెడ ఒకవైపునకు తిరిగి బిగిసిపోవును. కండ్లు పైకి పోవును. చూచినవారు గాలి సోకినదని భయపడుదురు. అది మందువలన వచ్చినది. తగిన విరుగుడుతో త్వరలో తగ్గును. 1949లో జాన్ కేడ్ అను ఆస్ట్రేలియా వైద్యుడు ఉన్మాదమునకు పనికివచ్చునని ప్రకటించిన లిథియమునకు గుణమిచ్చు మోతాదునకును విషమగు మోతాదునకును మధ్య దూరము స్వల్పము. రోహిణి ఎండలో చెమటలు క్రక్కుచు తాడేపల్లిగూడెము బియ్యపు మిల్లులోనో కూరగాయల మండిలోనో బస్తాలు మోయువాడు తగినంత నీరు త్రాగకున్నచో, లేదా ఒళ్లునొప్పులకు అంగడిలో కొన్ని రకముల మాత్రలు కొని వేసికొన్నచో, అతని రక్తములో లిథియము పెరుగును. చేతులు వణకి, అడుగు తడబడుట దానికి గుర్తు. మోతాదు సరిగా నున్నదో లేదో రక్తపరీక్ష లేనిదే తెలియదు.

ఈ గుర్తులను పట్టునది ఎవరు? ఆశా కార్యకర్తకు ఈ శిక్షణ చాలదు. వైద్యునికి తీరిక చాలదు. ఈ ప్రయోగములోని ముఖ్యపాత్రలు వీరిద్దరే. నడుమ నుండవలసిన నర్సు కనబడదు. ఇదియే దాని మౌలిక లోపము. అమెరికాలో ప్రత్యేక శిక్షణ పొందిన మానసికారోగ్య నర్సులు వ్యాధిని నిర్ణయించి, ఆయా రాష్ట్రముల చట్టములకు లోబడి మందులను కూడ వ్రాయుచున్నారు. భారతదేశమున 2018 మే 29న అమలులోనికి వచ్చిన మానసికారోగ్య సంరక్షణ చట్టము మానసికారోగ్య నర్సును గుర్తించినది. కాని తన వృత్తికి అధికారము లేని మందును ఎవరును సూచింపరాదని 106వ సెక్షనులో శాసించినది. ఈ కట్టడి సకారణమైనదే. జల్లెడనే నిర్ణయముగా భ్రమించు ప్రమాదము నర్సుకును ఉన్నది. కాని చీటీ వ్రాయు అధికారము లేనంతమాత్రమున చేయదగిన పని లేదనుట పొరపాటు. ఆంధ్రప్రదేశపు గ్రామ ఆరోగ్య కేంద్రములలో నర్సింగు పట్టభద్రులను నియమించియున్నారు. మెడ బిగిసినదా, చేయి వణకుచున్నదా, మాత్రల లెక్క సరిపోయినదా, నిద్ర తగ్గి మాటలు పెరిగినవా అని వారము వారము చూచి, పుస్తకములో వ్రాసి, అవసరమైన దినముననే వైద్యునికి తెలుపుట వారు నేడే చేయదగిన పని.

కొల్లేటి లంకలకు పోయినచో

ఈ ప్రయోగము విస్తరింపదగినదే. కాని కొల్లేటి పల్లెలకు పోయినప్పుడు అది మరియొక పరీక్షను ఎదుర్కొనును. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కినది. 2006లో అభయారణ్యములోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వము పడగొట్టించినది. జీవనము ఇట్లు తలక్రిందులైన చోట దిగులు కలుగుట సహజమా, వ్యాధియా అను ప్రశ్నకు తొమ్మిది ప్రశ్నలు జవాబు చెప్పలేవు. రేయంతయు చెరువుగట్టుపై కావలియుండువానికి నిద్రలేమి వ్యాధిలక్షణమా, వృత్తిధర్మమా? బుడమేరు, తమ్మిలేరు పొంగి దారులు మునిగినచో, గిరిజన గ్రామములలోని 208 మంది వంటివారు ఇచ్చట ఎందరగుదురు? మందు వాడుచున్నవారు మధ్యలో మానకుండ, వానలకు ముందే మాత్రలను చేర్చువారెవరు?

పాఠశాలలకు కూడ ఇందులో ఒక హెచ్చరిక యున్నది. ఈ తొమ్మిది ప్రశ్నలు సులభముగా దొరకును; దొరకినవి గదా యని తరగతిలో పంచి, మార్కులు వేసి, విద్యార్థులకు రోగముల పేర్లు పెట్టరాదు. మునుపటివలె ఆడక, చదువక, తినక, రెండు వారములకు మించి ముడుచుకొనియున్న బాలునితో ఏకాంతముగా మాటలాడి, తలిదండ్రులకు తెలిపి, వైద్యునివద్దకు చేర్చుటయే ఉపాధ్యాయుని పని. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సహాయమును 14416 సంఖ్యకు ఫోనుచేసి ఏ వేళనైనను పొందవచ్చును.

పశ్చిమ గోదావరి ప్రయోగము రోగిని కనుగొనవచ్చునని నిరూపించినది. కనుగొన్నవానిలో నలుగురికి ఒకరిని అదనముగా తేర్చవచ్చునని కూడ చూపినది. కాని కనుగొనుట నిర్ణయము కాదు. నిర్ణయము వైద్యము కాదు. మందు ఇచ్చుట మందును కనిపెట్టియుండుట కాదు. ఈ మూడు మెట్లయందును మనిషియే నిలువవలెను. మొదటి మెట్టుమీద ఆశా కార్యకర్త, రెండవ దానిమీద వైద్యుడు నిలిచిరి. మూడవ మెట్టు ఖాళీగా నున్నది. దానిమీద నర్సును నిలుపనంతవరకు ఈ ప్రయోగము సగము కట్టిన వంతెనయే. అవతలి గట్టున రోగి యున్నాడు.